కొండ తెచ్చిన రాళ్ల ఊరు

లాస్‌ఏంజెలిస్ నుంచి 101 రహదారి మీద దాదాపు 140 కిలోమీటర్లు వెళ్తే మాంటెసిటో వస్తుంది. ఎడమపక్క పసిఫిక్ సముద్రం, కుడిపక్క నిటారుగా శాంటా ఇనెజ్ కొండలు. మధ్యలో ఓక్ చెట్ల నీడన కోటీశ్వరుల ఇళ్లు. ఎటు చూసినా అందమైన రాతిగోడలే. ఇంత రాయి ఎవరు తెచ్చారంటారా? చాలామటుకు కొండే తెచ్చి పడేసింది! వేల ఏళ్లుగా వాగులు మోసుకొచ్చి పోసిన రాళ్లూ మట్టీ మీదే ఈ ఊరు కూర్చుంది.

ఆ సంగతి 2018 జనవరి 9న మళ్లీ గుర్తొచ్చింది. అంతకు ముందు నెలలోనే 'థామస్' కార్చిచ్చు 2.8 లక్షల ఎకరాలను బూడిద చేసింది. వానల కాలమైన డిసెంబరులో అడవి ఎండుగడ్డిలా మండటమే విచిత్రం. చాపరాల్ పొదలు కాలినప్పుడు వాటిలోని మైనంలాంటి పదార్థం ఆవిరై మట్టిలోకి దిగి, గట్టి పొరలా పేరుకుంటుంది. ఇక ఆ నేల నీటిని పీల్చదు. పట్టి ఉంచే వేళ్లూ ఉండవు.

అలాంటి కొండ మీద తెల్లవారుజామున 5 నిమిషాల్లో అరంగుళానికి పైగా వాన పడింది. అంతే... కార్లంత బండలు, చెట్లు, బురద కలిసి వాగుల వెంట దూకాయి. 23 మంది చనిపోయారు. 101 రహదారి దాదాపు రెండు వారాలు మూతపడింది. ముందు హెచ్చరించలేదా అంటే, హెచ్చరించారు. కొండవైపు వాళ్లను ఖాళీ చేయమన్నారు. కాస్త దిగువనున్న వాళ్లకు మాత్రం 'మీ ఇష్టం' అన్నారు. మంటలప్పుడు వారాల తరబడి ఇల్లు విడిచి, అప్పుడే తిరిగొచ్చిన జనం... మళ్లీ మూటాముల్లె సర్దడానికి ఎవరికి మనసొప్పుతుంది?

భూమి వేడెక్కేకొద్దీ ఈ జోడీ మరింత దగ్గరవుతోంది. శరదృతువు వానలు ఆలస్యమైతే మంటల కాలం సాగుతుంది. వేడి ఒక్కో డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. అందుకే కురిసినప్పుడు కుండపోతే. నిప్పుకీ నీటికీ మధ్య కొండ కోలుకునే వ్యవధి తగ్గిపోతోంది.

సరిగ్గా ఐదేళ్లకు, 2023 జనవరి 9న, మళ్లీ జడివాన. ఈసారి ఊరు మొత్తాన్నీ ఖాళీ చేయమన్నారు. అప్పటికి ర్యాండాల్ రోడ్డులో, ఇళ్లు కొట్టుకుపోయిన స్థలాలు కొని, రాళ్లూ బురదా ఆపేందుకు పెద్ద గుంట తవ్వి ఉంచారు. వాన తగ్గాక ఇలాంటి గుంటల్లో చేరిన బురదను లారీలు సముద్రతీరానికి మోశాయి.