కౌలు లేని శ్రుతి

నా శ్రుతి యాప్ సంపాదన దాని మీదే బతికేంత లేదు, వదిలేసుకునేంత తక్కువా కాదు. సంగీతం నేర్చుకునే పిల్లలకి ఇంట్లో సాధన కోసం తంబుర, తాళం వినిపించే చిన్న యాప్ అది. కొనేవాళ్లలో కొందరు ఇక్కడివాళ్లు, కొందరు డాలస్, న్యూజెర్సీల్లో ఉండి పిల్లలకి ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పించుకుంటున్న మనవాళ్లు. వేసవి సెలవుల్లో అమ్మకాలు లేస్తాయి, పరీక్షల నెలల్లో పడిపోతాయి. ఇలా లేచి పడే ఆదాయానికి నెలనెలా కట్టాల్సిన ఖర్చు తగిలించకూడదని మొదట్నుంచీ నా పట్టుదల. ధ్వని పుట్టించే లైబ్రరీ ఏది వాడాలి, తంబుర నాదం ఎక్కణ్ణుంచి తేవాలి అన్న రెండు నిర్ణయాలూ ఆ పట్టుదల చుట్టూనే తిరిగాయి.

మా నాన్న కౌలుకీ చేశారు, సగపాలుకీ చేశారు. పండినా పండకపోయినా కౌలు కట్టి తీరాలి. పాలైతే పండిన దాంట్లోంచి ఇస్తే చాలు. యాప్ వ్యాపారంలోనూ ఈ రెండు పద్ధతులే ఉన్నాయి. ఏడాదికి పది లక్షల డాలర్ల లోపు అమ్ముకునే చిన్నవాళ్ల దగ్గర యాపిల్, గూగుల్ రెండూ 2021 నుంచి 15 శాతం కమిషన్ తీసుకుంటున్నాయి. అది పాలు. అమ్ముడుపోని నెలలో నా జేబులోంచి పైసా కదలదు. యాపిల్‌కి డెవలపర్‌గా ఏటా కట్టే 99 డాలర్లు కౌలు. గూగుల్ 25 డాలర్లు ఒక్కసారి తీసుకుని ఊరుకుంటుంది. తోటి డెవలపర్లు కమిషన్ గురించి ఎంత సణుక్కున్నా నాకు దాని మీద పెద్ద ఫిర్యాదు లేదు. నా భయమంతా లైబ్రరీల చందా మీదే.

జూస్ (JUCE) అనే ధ్వని లైబ్రరీ సంగతి చూడండి. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో దాని పేరు వినని వాళ్లుండరు. అది చాలా మంచి సాధనం, ఒకే కోడ్ ఐఫోన్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ నడుస్తుంది. మన కోడ్ అంతా బయటపెట్టే పనైతే ఊరికే వాడుకోవచ్చు. లేదంటే ఆదాయాన్ని బట్టి వాణిజ్య లైసెన్సు తీసుకోవాలి. రుసుము లేని స్థాయికి ఏడో వెర్షన్‌లో ఏడాదికి 50,000 డాలర్ల ఆదాయ పరిమితి ఉండేది, ఎనిమిదిలో అది 20,000కి దిగింది. కోడ్ బయటపెట్టే వాళ్లకి వర్తించే లైసెన్సు కూడా జీపీఎల్ నుంచి ఏజీపీఎల్‌కి మారింది. నా ఆదాయం రెండు పరిమితులకీ చాలా కిందే ఉంది. అయినా నేను చూసుకున్నది నేటి పరిమితిని కాదు, ఆ అంకె ఎవరి చేతిలో ఉందన్న సంగతిని. వాళ్ల సంస్థని నడుపుకోవడానికి వాళ్లు మార్చుకుంటారు, తప్పేం లేదు. మారిన రోజున నా కోడ్ మొత్తం దాని మీదే కట్టి ఉంటే, నేను వాళ్లు చెప్పిన ధరకి ఒప్పుకోవాలి, లేదా ఇల్లంతా విప్పుకోవాలి.

పైగా చందా డాలర్లలో ఉంటుంది. 2014లో డాలరు 60 రూపాయల చుట్టూ ఉండేది, 2024 చివరికి 85 దాటింది. అమ్మేవాడు ధర పెంచకపోయినా నాకు పెరిగినట్టే. దాని మీద క్రెడిట్ కార్డు వాళ్ల మార్కప్ మూడు, మూడున్నర శాతం, ఆ మార్కప్ మీద మళ్లీ జీఎస్టీ. వ్యాపారం కోసం విదేశీ సేవ కొన్నందుకు రివర్స్ చార్జ్ కింద 18 శాతం ఐజీఎస్టీ మనమే లెక్కగట్టి కట్టాలి. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకి క్రెడిట్ వస్తుంది, కానీ ముందు చేతి డబ్బు పడాల్సిందే. 2021 అక్టోబరులో ఆటోమేటిక్ చెల్లింపులకి రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఈ-మాండేట్ నిబంధనలు గట్టిగా అమల్లోకి వచ్చినప్పుడు విదేశీ చందాలు వరసగా ఫెయిలవడం చాలామంది చూశారు. ఇదంతా కలిపి కాగితం మీద వేస్తే, వెబ్‌సైట్‌లో కనిపించే ధరకీ నా ఖాతాలోంచి పోయేదానికీ పావు వంతు దాకా తేడా తేలింది.

సరే, రుసుము లేని వాటి వైపు వెళ్దామంటే అక్కడ ఖర్చు షరతుల రూపంలో ఉంటుంది. సూపర్‌కొలైడర్ అద్భుతమైన సింథసిస్ వ్యవస్థ, కానీ అది జీపీఎల్. జీపీఎల్ కోడ్ కలిపిన యాప్‌ని పంచితే మన కోడ్ కూడా అదే షరతు మీద ఇవ్వాలి. అంతకన్నా చిక్కు, యాప్ స్టోర్ వాడకం మీద పెట్టే ఆంక్షలకీ జీపీఎల్‌కీ పొసగదు. వీఎల్‌సీ ప్లేయర్ ఐఫోన్‌లోకి వచ్చాక, ఆ ప్రాజెక్టులోని డెవలపర్ ఒకరు ఇదే అభ్యంతరం చెప్పడంతో 2011 జనవరిలో స్టోర్ నుంచి తీసేశారు. లైసెన్సు మార్చుకుని తిరిగి రావడానికి 2013 దాకా పట్టింది. కోట్లమంది వాడే ప్లేయర్‌కే అంత కాలం పడితే, నాలాంటి వాడి యాప్‌ని ఈలోపు కొన్నవాళ్లే మర్చిపోతారు.

సీసౌండ్, ఫ్లూయిడ్‌సింత్ అనే ధ్వని లైబ్రరీలు ఎల్‌జీపీఎల్ కింద ఉన్నాయి. మన కోడ్ మనదగ్గరే ఉంచుకోవచ్చు, కానీ వాడేవాడు ఆ లైబ్రరీని మార్చుకుని మళ్లీ కలుపుకునే వీలుండాలి. ఆండ్రాయిడ్‌లో లైబ్రరీ విడి ఫైలుగా ఉంటుంది కాబట్టి ఆ షరతు తీర్చడం తేలిక. ఐఫోన్‌లో అన్నీ కలిపి యాపిల్ సంతకంతో బిగించాక అది ఎంతవరకు తీరుతుందన్న దాని మీద నాకు సలహా ఇచ్చిన లాయర్లిద్దరూ రెండు రకాలుగా చెప్పారు. ఫీజు మాత్రం ఇద్దరూ తీసుకున్నారు. నన్నడిగితే, లాయర్లు ఏకీభవించని షరతు చిన్న వ్యాపారానికి పెద్ద ఖర్చే.

చివరికి లిబ్‌పీడీ దగ్గర ఆగాను. మిల్లర్ పకెట్ 1990ల్లో మొదలుపెట్టిన ప్యూర్ డేటా అనే ధ్వని ప్రోగ్రామింగ్ సాధనాన్ని యాప్‌ల లోపల ఇమిడేలా 2010లో లైబ్రరీగా చేశారు. అంతకు ముందే ఆర్‌జేడీజే అనే ఐఫోన్ యాప్ ప్యూర్ డేటాని ఫోన్లో నడిపి చూపించింది. లైసెన్సు బీఎస్‌డీ రకం: కాపీరైట్ నోటీసు యాప్‌లో ఒక పేజీలో పెడితే చాలు, ఆదాయ పరిమితీ లేదు, గడువూ లేదు. రేపు కొత్త వెర్షన్‌కి ఎలాంటి షరతు పెట్టినా నా దగ్గరున్న వెర్షన్‌కి పాత షరతే ఉంటుంది. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. ప్యూర్ డేటా చుట్టూ జనం రాసిన అదనపు భాగాలకి (ఎక్స్‌టర్నల్స్) దేని లైసెన్సు దానిదే. అందుకని అసలు పొట్లంలో ఉన్నవి తప్ప ఏదీ కలపలేదు. ఆండ్రాయిడ్‌లో శబ్దం ఆలస్యం లేకుండా బయటికి రావడానికి గూగుల్ వాళ్ల ఓబో లైబ్రరీ వాడాను. అది అపాచీ 2.0, దానితోనూ పేచీ లేదు.

ఇంజిన్ దొరికింది, నాదం ఎక్కడిది? తంబురని లెక్కలతో పుట్టించవచ్చు. 1983లో వచ్చిన కార్ప్లస్-స్ట్రాంగ్ పద్ధతి మీటిన తీగని చాలా చవకగా అనుకరిస్తుంది. కొద్దికొద్దిగా తేడా ఉన్న శ్రుతుల్లో ఆసిలేటర్లని కలిపి పై స్వరాలు జాలువారేలా చేసే రిస్సే పద్ధతి కూడా తంబురకి దగ్గరగా వస్తుంది. కానీ తంబుర తీగ మామూలు తీగ కాదు. తీగలు ఆనే గుర్రం ఏటవాలుగా, వంపుగా ఉంటుంది. దాని మీద తీగ కింద చిన్న దారప్పోగు దూర్చి, అది ఎక్కడ ఆగితే నాదం విచ్చుకుంటుందో అక్కడ ఆపుతారు. మీటిన చోట కదలిక లేని స్వరాంశాలు వినిపించకూడదన్నది పాత సూత్రం. వీణ, తంబుర దాన్ని పాటించవని సి.వి. రామన్ 1921లోనే రాశారు. ప్యూర్ డేటాలో నేను రాసిన ప్యాచ్‌లు ఆ సూత్రాన్ని బుద్ధిగా పాటించాయి. విన్న సంగీతం టీచర్లు ‘బావుంది’ అన్నారు గానీ, ఆ అనడంలోనే తెలిసిపోయింది.

అసలు తంబుర రికార్డింగే కావాలనుకున్నాక శాంపిల్ లైబ్రరీలు చూశాను. కొన్ని వేల రూపాయల్లో చక్కటివి ఉన్నాయి. వాటి ఒప్పందాలు చదివితే దాదాపు అన్నింటిలోనూ ఒకే మాట ఉంది: ఈ శబ్దాలతో పాట చేసుకో, అమ్ముకో, కానీ వీటినే ఇంకో వాయిద్యంగా మార్చి పంచకు. యాప్ చేసే పని సరిగ్గా అదే. సంగీత దర్శకుడికి సరిపోయే లైసెన్సు యాప్ రాసేవాడికి పనికిరాదు. ప్రత్యేక లైసెన్సు ఇవ్వమని ఒక సంస్థకి రాస్తే, ఏటా రెన్యూ చేసుకునే షరతు మీద, నా ఏడాది లాభం కన్నా ఎక్కువ అడిగారు. మళ్లీ కౌలే.

విజయనగరంలో ఒక వీణ టీచరు గారికి మంచి తంబురలు రెండున్నాయి. ఆవిడే తన ఖర్చుతో స్టూడియోలో రికార్డు చేయించి ఇస్తానన్నారు. ఒక్క శ్రుతిలో తీసి మిగతావన్నీ కంప్యూటర్లో జరిపితే బుర్ర నాదం కుంచించుకుపోతుంది కాబట్టి, మగగొంతు శ్రుతులకీ ఆడగొంతు శ్రుతులకీ విడివిడిగా, ఒక్కో తీగ ఒక్కో మీటు తీయించాం. నాణ్యంగా తీసిన స్టీరియో శబ్దం నిమిషానికి పది ఎంబీ పైన తింటుంది. మీటు మీటుగా ఉంటే యాప్ బరువు తగ్గుతుంది, వరసగా వినిపించే పని ఇంజిన్ చూసుకుంటుంది.

“డబ్బు ముట్టిందని తెల్లకాగితం మీద సంతకం పెట్టిస్తాను, చాలదా నాయనా?” అన్నారావిడ.

“మీరుండగా చాలునండీ, అమ్మగారూ. రేపు మీ అబ్బాయికీ నాకూ మధ్య చాలదు.”

“వాడితోనే రాయించు అయితే, వాడికి కోర్టు భాష ఇష్టం” అని నవ్వారు.

కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ ఈ విషయంలో చాలా సూటిగా ఉంటుంది, లైసెన్సులకీ వర్తిస్తుంది. కాలం రాయకపోతే ఐదేళ్లే అనుకుంటారు. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అంటే ఆ తెల్లకాగితం ప్రకారమైతే డాలస్‌లో అమ్మిన ప్రతి కాపీకీ నా దగ్గర హక్కు లేనట్టే. అందుకని కాపీరైట్ ఉన్నంత కాలం, ప్రపంచమంతటా, మొబైల్ యాప్‌లో వాయిద్యంగా వాడుకునే హక్కు అని రాయించుకున్నాం. ఒక్క చోట మాత్రం తగ్గాను. నాకొక్కడికే ఇవ్వాలని అడగలేదు. ఆవిడ ఇంకెవరికైనా ఇచ్చుకోవచ్చు. దాంతో ఆవిడ మొదట చెప్పిన మొత్తం సగానికి దిగి, 40,000 రూపాయలకి ఒప్పుకున్నారు. ఇంకొకళ్ల దగ్గర ఆ నాదం ఉంటే నాకు పోయేదేం లేదు. నా దగ్గర్నుంచి తీసుకుపోయే వీలు ఎవరికీ లేకపోవడానికే డబ్బు పెట్టాను.

ఇప్పుడు మృదంగం చేర్చే పని నడుస్తోంది. ఆ విద్వాంసుడు గారు ఏకమొత్తం వద్దంటున్నారు, అమ్మకంలో వాటా కావాలంటున్నారు. నాకూ అదే నచ్చింది, వేసవి ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు. స్టోర్ కమిషన్ పోను వచ్చిన దాంట్లో లెక్క కట్టాలా, కమిషన్ తియ్యకముందు మొత్తం మీద కట్టాలా అన్నది తేల్చుకున్నాం: పోను వచ్చిన దాంట్లోనే. మూడు నెలలకోసారి స్టోర్ రిపోర్టు ఆయనకి పంపాలి. ఆయన 20 శాతం దగ్గర ఉన్నారు, నేను 12 దగ్గర ఉన్నాను. సంక్రాంతి కచేరీలు అయ్యాక మళ్లీ కూర్చుంటాం.