వినోదమా, వృత్తియా?

కంప్యూటరుచే చదరంగ మాడించు పోటీలయందు చిరకాలముగ నొక చిక్కు ప్రశ్న యున్నది. ఎవరిని అమెచ్యూరు లనవలెను? ఎవరిని వృత్తిదారు లనవలెను? ఈ ప్రశ్నకు నేను పటాన్‌చెరులో, నా పదునేడవ యేట, సిగ్గుతో నొక సమాధానము నేర్చుకొంటిని. దానిని ఈ సంచిక మూలమున పాఠశాలా సోదరసోదరీమణులకు విన్నవించుచున్నాను.

కంప్యూటరునకు చదరంగము దానంతట రాదు. తా నే యెత్తు వేసిన నెదుటివా డేమి వేయునో, దానికి మరల తానేమి వేయవలెనో అంచెలంచెలుగ లెక్కించి, తుదకు నేర్పడు స్థితికి విలువ కట్టవలెను. ఆ లెక్కవిధమును మనుష్యుడు ముందుగ వ్రాసి యుంచును. ఆ వ్రాతయే ప్రోగ్రాము. పోటీ నిజముగ నట్టి వ్రాతల నడుమ జరుగును.

మా యిల్లు పారిశ్రామికవాడకు చేరువ. మా తండ్రిగారు లేతు మెషీనుపై పనిచేయువారు. వారు రాత్రి షిఫ్టునకు పోయినపుడెల్ల నేను పాత కంప్యూటరు ముందు కూర్చుండి ఒక ప్రోగ్రాము సిద్ధపఱచి, చేరువలో జరిగిన చిన్నపోటీకి అమెచ్యూరు తరగతిలో పంపితిని. ఒక కర్మాగారమున కంప్యూటరు పని చేయు నొక యన్నగారును అదే తరగతిలో చేరిరి. నెలజీతము గొని ప్రోగ్రాములు వ్రాయువారు అమెచ్యూరు లెట్లగుదురని నేను ఫిర్యాదు వ్రాసి యిచ్చితిని.

ఈ తగవు క్రొత్తది కాదు. ప్రపంచ పోటీలను నడపిన అంతర్జాతీయ సంఘము అమెచ్యూరులకు తక్కువ రుసుమును, వృత్తిదారులకు ఎక్కువ రుసుమును విధించి, నడుమ అర్ధవృత్తిదారులను తరగతిని గూడ నేర్పఱచెను. అయినను గీత నిలుచుట కష్టము. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరున జన్మించిన రాజ్ రెడ్డిగారు ఆచార్యులుగ నుండిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున, కొందఱు విద్యార్థులు నిర్మించిన ‘డీప్ థాట్’ 1989లో ఎడ్మంటను నగరమున ప్రపంచ విజేత యయ్యెను. వారిలో కొందఱు ఆ యేడే ఐబీఎం కంపెనీలో జీతమునకు చేరిరి. ఆ కృషి ఫలితమైన ‘డీప్ బ్లూ’ 1997లో కాస్పరోవును ఓడించెను. నిన్నటి విద్యార్థియే నేటి వృత్తిదారుడు.

న్యాయనిర్ణేతగారు మా యిద్దఱిని పిలిచి, స్థితికి విలువ కట్టు భాగమును వివరింపుడనిరి. అన్నగారు కాగితము తీసి, రాజు రక్షణకు ఎన్ని మార్కులో, బంటుల వరుస చెడిన నెంత తగ్గింపో, ఒక్కొక్క అంకెకును కారణము చెప్పిరి. నా వంతు వచ్చినది. నాకు నోట మాట రాలేదు. ఆ భాగమంతయు నేను బహిరంగముగ ప్రకటితమైన యొక ప్రోగ్రామునుండి గ్రహించినదే. గ్రహించుట దోషము కాదు. దాని రచయిత అనుమతి నిచ్చి, తన పేరు మాత్రము నిలుపుమని కోరియుండెను. నేను ఆ పేరును తుడిచివేసితిని.

అన్నగారు నన్ను పరిహసింపలేదు. “తమ్ముడూ, ఆ భాగమును చదివియే నేనును నేర్చుకొంటిని” అని మాత్రమనిరి. ఆ మాట చీవాట్లకన్న నెక్కువగ నొచ్చినది. నేను పోటీ విరమించుకొంటిని. ఇంట తండ్రిగారికి చెప్పగా, “మా షెడ్డులో ఒకడు తిప్పిన జాబుమీద వేఱొకడు తన నంబరు వేసిన, దాని నేమందురో నీకు తెలియదా?” అని యూరకుండిరి.

కొన్నియేండ్లకు, 2011లో, ఆ అంతర్జాతీయ సంఘమే ‘రిబ్కా’ యను ప్రోగ్రాము ఇతరుల వ్రాతలనుండి గ్రహించి ఆ సంగతి దాచెనని తీర్మానించి, 2007 మొదలు 2010 వఱకు గెలిచిన బిరుదులను తొలగించెను. దాని రచయిత ఆ నేరమును ఒప్పుకొనలేదు. అచ్చటి వివాదము జీతమునుగూర్చి కాదు, పేరునుగూర్చి.

బళ్ళారి రాఘవగారు న్యాయవాదులై యుండి నాటకము లాడిరి. సురభివారు నాటకమునే జీవనముగ గొనిరి. రంగస్థలమున నుభయులును పూజ్యులే. పోటీ నడపువారికి జీతపు గీత కావలసినదే. కాని, విద్యార్థులారా, తన శ్రమ యెంతవఱకో, ఇతరుల ఋణ మెచ్చట మొదలో తెలుపు గీతను ఎవరికి వారే గీసికొనవలెను.

నేటికిని నేను వ్రాయు ప్రతి ప్రోగ్రాము మొదట, ఎవరియొద్ద నేమి నేర్చితినో వ్రాయుచున్నాను. ఆ పట్టికలో అన్నగారి పేరును ఉన్నది.