పొద్దు వాలాక పూసేవి

ఆగస్టు 9
దొడ్లో బీర మొగ్గలు నాలుగున్నరకి ముడుచుకునే ఉన్నాయి. ఐదున్నర దాటాక ఒక్కొక్కటీ విచ్చుకున్నాయి. పక్క పందిరి మీది నేతిబీర పొద్దున్నే విచ్చింది, ఇప్పుడు వాడుమొహం పట్టింది. రెండూ పసుపే, రెంటికీ ఐదేసి రేకులే. ఫోన్‌లోని మొక్కల యాప్ రెంటికీ ఒకే పేరు చెప్పింది. మగపువ్వులో కేసరాలు చూస్తే తేలిపోతుంది: బీరకి మూడు, నేతిబీరకి మామూలుగా ఐదు. మసక వెలుతుర్లో వాటిని లెక్కపెట్టేకన్నా, పువ్వు ఏ వేళప్పుడు విచ్చిందో రాసిపెట్టుకోవడం తేలిక. యాప్ ఆ ప్రశ్నే అడగదు.

ఆగస్టు 12
ఆనపపువ్వు. ఫ్లాష్ వేస్తే రేకుల మీది ఈనెలన్నీ సున్నం కొట్టినట్టు పోతాయి. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించి, టార్చికి పల్చటి తెల్లగుడ్డ చుట్టి పక్కనుంచి వేస్తే మళ్లీ తేలాయి. పొట్లపువ్వుకీ ఇదే వైద్యం. దాని అంచు పోగులు పూర్తిగా విప్పుకునేదాకా ఆగాలి, అంతే.

ఆగస్టు 13
చంద్రకాంత. మబ్బు పట్టిందేమో, ముందే విచ్చుకుంది. పక్కింటి మామ్మగారు గోడ మీంచి, "మొహం వదిలేసి వీపు తీస్తావేమిటే?" అన్నారు.
"అసలు సంగతి అక్కడే ఉంది మామ్మగారూ."
ఉంది మరి. రంగురంగుల రేకులనుకునేవి నిజానికి రక్షకపత్రాలు. ఈ పువ్వుకి ఆకర్షణపత్రాలే లేవు. అడుగున ఆకుపచ్చగా ఉండి రక్షకపత్రాలనిపించేవి పుచ్ఛాలు. ఎదురుగా నిలబడి తీస్తే ఇదేదీ పడదు. కొన్ని మచ్చల ఆకుల లక్షణం తల్లి వైపు నుంచే వస్తుందని కార్ల్ కొరెన్స్ 1909లో చూపించింది ఈ మొక్కలోనే. అలాంటి కొమ్మ కోసం వెతికాను. మా వీధిలో అన్నీ పచ్చవే.

ఆగస్టు 17
బ్రహ్మకమలం చూడ్డానికి రమ్మని పిలుపు. వెళ్లలేదు. దాన్ని అందరూ తీస్తారు.

ఆగస్టు 24
చెరువు. ఇక్కడ గడియారం ఒక్కటే చాలదు: రాత్రి విచ్చే తెల్లకలువ మర్నాడు పొద్దెక్కేదాకా తెరిచే ఉంటుంది, ఈలోగా నీలికలువా విచ్చుకుంటుంది. రంగు చెప్పేస్తుంది కదా అంటారు; నీలికలువల్లో తెల్లగా పూసేవీ ఉన్నాయి. ఆకు తిరగెయ్యాలి. అడుగున నూగు, అంచున కోసుగా పళ్లు ఉంటే రాత్రిది. మోకాలిలోతు బురదలో ఒక చేత్తో ఆకు, ఇంకో చేత్తో ఫోన్.

సెప్టెంబర్ 6
పారిజాతాన్ని అందరూ తెల్లారాక నేలమీదే తీస్తారు. లేతకొమ్మ నలుపలకలుగా ఉంటుంది, ఆకు గరుకు. రాలిన పువ్వు పక్కన ఆ రెండూ దొరకవు. ఏడింటికి కొమ్మ మీదే తీశాను. కాయ ఒక్కటీ మిగిలింది: చదునుగా, రెండు గింజలతో ఉండేది. నిరుటిది పైకొమ్మకి ఎండి వేలాడుతోంది. మామ్మగారి నిచ్చెన అడగాలి.