ఆరు సాసులు, ఏడు నాలుకలు

మా పాఠశాల వార్షిక సంచికకు ఏదేని వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, మా విద్యార్థులు మానుండి సంధులను గూర్చియో, కాలము విలువను గూర్చియో మరియొక వ్యాసము వెలువడునని తలచియుందురు. ఇరువది సంవత్సరములుగా మేము వ్రాయుచు వచ్చినవి అట్టివే. ఈసారి మాత్రము తిండిని గూర్చి వ్రాయబూనితిమి. అందును ఇంటి తిండిని గూర్చి కాదు. విదేశపు పేర్లతో పట్టణములందెల్ల శాఖలు తెరచిన ఫాస్టుఫుడ్ హోటళ్లలో, వేయించిన కోడిమాంసపు ముక్కలతో అద్దుకొని తినుటకు చిన్నచిన్న గిన్నెలలో నిచ్చు సాసులను గూర్చి. చదువరులు నవ్వుకొందురు గాక. నవ్వినను తుదివరకు చదువుదురు గాక.

గడచిన జనవరి మాసమున మేము పదియవ తరగతి పిల్లలను ఆరుగురిని, నలుగురు బాలురను ఇద్దరు బాలికలను, వెంటబెట్టుకొని విద్యార్థుల వైజ్ఞానిక ప్రదర్శనకై విజయవాడకు పోయితిమి. మాకు బహుమతి రాలేదు. తిరుగు బస్సునకు ఇంకను మూడు గంటల వ్యవధి యుండెను. పిల్లల ముఖములు వాడియుండుట చూచి, "ఏమి తినెదరు?" అని యడిగితిమి. ఆరుగురును ఏకకంఠముతో ఎదుటనున్న గాజు తలుపుల హోటలును చూపిరి. ఇడ్లీ దోసెల హోటలు ప్రక్కనే యున్నదని మేము సూచించితిమి గాని, ఆ సూచనను బలపరచువారు లేకపోయిరి.

లోపల నగ్గెట్లనబడు కోడిమాంసపు ముక్కలును, వేయించిన బంగాళాదుంప ముక్కలును తెప్పించితిమి. వానితోకూడ ఆరు విధముల సాసులు వచ్చెను. అవి టొమాటో కెచప్, బార్బెక్యూ, తీపికారపు సాసు, పెరిపెరి, ఆవసాసు, మయోనైజు. ఈ ముక్కలకు ఇన్ని సాసులెందుకని మొదట మాకాశ్చర్యము కలిగెను. అమెరికాలో మెక్డొనాల్డ్స్ సంస్థవారు 1983లో నగ్గెట్లను దేశమంతట అమ్మ నారంభించినప్పుడే నాలుగు విధముల సాసులను జతచేసిరి. ముక్క రుచి ఎల్లప్పుడును ఒక్కటే. తినువాని విసుగు తీర్చునది సాసే. ఆ సంస్థ 1996లో మన దేశమునకు వచ్చినది. ఇప్పుడు ఇట్టి హోటళ్లలో మన పిల్లలు సాసుల పేర్లను ఎక్కములవలె అప్పగింపగలరు.

ఆలోచించి చూడగా ఇందు మనకు క్రొత్తదేమియు లేదు. నంజుకొనుట తెలుగువాని జన్మహక్కు. పెసరట్టునకు అల్లపు పచ్చడియు, ముద్దపప్పునకు ఆవకాయయు, పెరుగన్నమునకు ఊరమిరపకాయయు లేనిచో మన విస్తరి నిండదు. ఏ యింటి గోంగూర పచ్చడి మేలైనదో తేల్చుటలో ప్రతి తెలుగువాడును న్యాయాధిపతియే. బైబిలులోని రూతు కథయందును, పొలములో కోతవారితో కూర్చుండి రొట్టెముక్కను చిరకలో ముంచుకొని తినుమని బోయజు రూతును పిలిచిన సంగతి మా విద్యార్థులెరుగుదురు. కావున ముంచుకొని తినుట మిక్కిలి ప్రాచీనమైన యలవాటు.

"మాస్టారూ, వీటిలో ఫస్టు ఏదండి?" అని యొక బాలుడడిగెను. ఇంతకంటె ఉపాధ్యాయునకు ప్రియమైన ప్రశ్న లేదు. శిక్షణ కళాశాలలో మేము నేర్చిన విద్య యంతయు ఒక్కసారిగా మేల్కొనెను. జేబులోని కాగితము తీసి గడులు గీచితిమి. ఒక్కొక్క సాసునకు పదేసి మార్కులు. పిల్లలారుగురును మేమును కలిసి ఏడుగురము పరీక్షకులము. అనగా మొత్తము డెబ్బది మార్కులు. ఒకరి మార్కులు మరియొకరు చూడరాదని కట్టడి చేసితిమి. పళ్లెములో గిన్నెలున్న వరుసనే, కెచప్ మొదలుకొని మయోనైజు వరకు రుచి చూచితిమి.

ఫలితములివి: పెరిపెరికి 58, బార్బెక్యూకు 51, తీపికారపు సాసునకు 49, కెచప్‌నకు 45, ఆవసాసునకు 27, మయోనైజునకు 22. గుంటూరు సీమలో పుట్టిన పిల్లలు కారమునకు పట్టము గట్టుట వింతగాదు. పెరిపెరియు మనకు పరాయిది కాదు. మిరప అమెరికా ఖండములలో పుట్టి, పోర్చుగీసువారి ఓడలమీద ఆఫ్రికాకును మన దేశమునకును చేరినది. ఆఫ్రికాలో పెరిపెరి యయినది, మన యింట గొడ్డుకార మయినది. కెచప్ కథ ఇంకను చిత్రమైనది. ఆ పేరు చీనా దక్షిణతీరమున చేపలను ఊరవేసి చేయు పులుసు పేరునుండి వచ్చినదని పండితులందురు. ఇంగ్లీషువారు దానిని పుట్టగొడుగులతోను అక్రోటుకాయలతోను చేసికొనిరి. టొమాటో అందు ప్రవేశించినది పందొమ్మిదవ శతాబ్దమున మాత్రమే.

ఇట్లు చెప్పుచు మార్కుల కాగితము మడువబోవుచుండగా, ఒక బాలిక గడులలో రెండు ఖాళీగానుండుట కంటబడెను. ఆమె ఆవసాసునకును మయోనైజునకును మార్కులు వేయలేదు. ఖాళీ గడికి సున్న వేయుట మా వృత్తిధర్మము గనుక, మొత్తములు కట్టునప్పుడు వానిని సున్నలుగానే లెక్కించితిమి. ఇప్పుడు కలము తీసి ఆ గడులలో సున్నలు చుట్టబోవుచుంటిమి.

ఎన్నడును నోరు మెదపని ఆ పిల్ల, "సున్న వేయకండి మాస్టారూ," అనెను. "అవి బాగులేవని కాదండి. పెరిపెరి తిన్నాక నోరు మండిపోయి వాటి రుచే నాకు తెలియలేదండి. తెలియనిదానికి మార్కు ఎలా వేస్తానండి?"

మా కలము ఆగిపోయెను. తక్కిన పిల్లలు మా ముఖము చూచిరి. "అట్లయిన మరల పరీక్షింతము" అంటిమి.

అరగంట గడువనిచ్చితిమి. అందరును నీళ్లతో నోరు పుక్కిలించిరి. క్రొత్త గిన్నెలు తెప్పించి వరుసను తారుమారు చేసితిమి. మయోనైజు మొదటిది, ఆవసాసు రెండవది, పెరిపెరి కడపటిది. ఒక్కొక్క సాసునకు నడుమ ఉత్త బన్ను ముక్క నమలుట నియమము. ఈసారి ఫలితములు: పెరిపెరికి 56, ఆవసాసునకు 53, బార్బెక్యూకు 49, తీపికారపు సాసునకు 45, కెచప్‌నకు 41, మయోనైజునకు 38.

ఆవసాసు అయిదవ స్థానమునుండి రెండవ స్థానమున కెక్కెను. ఆ బాలిక సున్న వలన నయిన తేడా కాబోలునని, రెండుమారులును ఆమె మార్కులను తీసివేసి లెక్కించితిమి. అప్పుడును ఆరుగురి లెక్కలో 27 కాస్త 45 అయ్యెను. సాసు మారలేదు, తిన్న నోళ్లు మారలేదు. మారినది వరుస మాత్రమే. ఆవగింజ నూరి నీరు తగిలినప్పుడు పుట్టు ఘాటు ముక్కునకెక్కి తేలిపోవును. మిరప మంట నాలుకను పట్టి విడువదు. మంటతో నిండిన నోటికి ఆవఘాటులోని సున్నితపు రుచి తెలియదు. ఆవకాయ తిని పెరిగిన మేము ఈ రెంటి భేదమును ఎరుగమా? ఎరిగియు వరుసను గూర్చి తలపలేదు.

మయోనైజు రెండుమారులును కడపటిదే. అయినను దానిని గూర్చి ఒక సత్యము చెప్పవలెను. పెరిపెరి తిని కన్నీరు కార్చిన పిల్లలందరి చేతులును దాని గిన్నెవైపే పోయెను. మిరపలోని మంటపదార్థము నీట కరగదు, నూనెలో కరగును. మయోనైజులో ఎక్కువ భాగము నూనెయే. అది తాను మార్కులు తెచ్చుకొనలేదు గాని తక్కిన పరీక్షకు నోళ్లను సిద్ధపరచినది. తరగతిలోను ఇట్టి పిల్లలుందురు.

బస్సులో పిల్లలు నిద్రించిరి. మాకు నిద్ర పట్టలేదు. 1912లో అమెరికాలో విల్బర్ స్కోవిల్ అను ఔషధశాస్త్రజ్ఞుడు మిరప కారమును కొలుచుటకు ఒక పద్ధతి కనిపెట్టెను. మిరపసారమును చక్కెర నీటిలో పలుచన చేయుచుపోయి, రుచి చూచువారికి మంట తెలియకుండునంతవరకు ఎంత నీరు కలుపవలసివచ్చెనో దానినిబట్టి అంకె వేయుట ఆ పద్ధతి. అందును కొలబద్ద నాలుకయే. నాలుక అలసినచో కొలత తప్పును. అందువలన తరువాతి కాలమున ఆ పనిని యంత్రముల కప్పగించిరి. వ్యాసములు దిద్దుటకు మావద్దనున్న కొలబద్ద మా మనస్సే. అది అలయదా? ముందు చదివిన పత్రపు రుచి దానికి అంటియుండదా?

అప్పుడొక విద్యార్థి మాకు జ్ఞాపకము వచ్చెను. పదునాలుగేండ్ల క్రిందట అతడు మా తరగతిలో పదునెనిమిదవ నంబరువాడు. పదునేడవ నంబరువాడు తరగతికెల్ల మేటి. పత్రములను మేము నంబర్ల వరుసనే దిద్దెడివారము. మూడు సంవత్సరములు, ప్రతి పరీక్షయందును, ఇతని తెలుగు వ్యాసము ఆ మేటి విద్యార్థి వ్యాసము వెనువెంటనే మా చేతికి వచ్చెను. ఇతని వాక్యములు చదువుచుండగా మా చెవులలో ముందటి పత్రపు వాక్యములే మ్రోగుచుండెను. ఆ సంవత్సరము తెలుగు బహుమతి ఇతనికి రెండు మార్కులలో తప్పిపోయెను. పత్రము చేతబట్టుకొని మావద్దకు వచ్చి, "నా వ్యాసంలో తప్పేమిటండి మాస్టారూ?" అని యడిగెను. పత్రమునందు ఎర్రగీత యొక్కటియు లేదు. "ఇంకను బాగుగా వ్రాయవలెను" అంటిమి. జవాబు లేనప్పుడు ఉపాధ్యాయులు చెప్పు జవాబది. అతడు పత్రమును నాలుగు మడతలు పెట్టి జేబులో నుంచుకొని పోయెను. అంతకుముందు ఏటేట ఈ సంచికకు ఒక కథ యిచ్చుచుండెడివాడు. ఆ తరువాత ఇయ్యలేదు.

పరీక్ష చేయగా మాకు తెలిసిన దిది. మొదటిది మొదటిదిగానే, కడపటిది కడపటిదిగానే యుండెను. వరుస వలని అన్యాయము జరుగునది నడుమనున్నవారికే. మేటివానిని ఏ వరుసలో దిద్దినను మేటియే. మధ్యనున్నవాని అదృష్టము మాత్రము వాని ముందటి పత్రము చేతిలో నున్నది. సాసును మరల రుచి చూడవచ్చును. దాని వెల కొలదిపాటి రూపాయలు. ఆ పత్రము ఇప్పుడెక్కడిది? దానిని మరల దిద్దుట ఎట్లు?

ఇల్లు చేరిన తరువాత మేము రెండు పనులు చేసితిమి. నాటినుండి పత్రముల కట్టను పేకముక్కలవలె కలిపి, పేర్లు కనబడకుండ అంచు మడిచి దిద్దుచున్నాము. ఒక ప్రశ్నకు అందరి జవాబులను దిద్ది, మరల కలిపి, రెండవ ప్రశ్నకు పోవుచున్నాము. నడుమ లేచి నాలుగడుగులు నడచి వచ్చెదము. అది మాకు బన్ను ముక్క వంటిది. ఆలస్యమగుచున్న మాట నిజము. త్రైమాసిక పరీక్షల మార్కులు ఈ యేడు నాలుగు దినములు జాగుగా వచ్చెనని పిల్లలు గొణిగిరి. ఆ జాగునకు కారణమిది.

రెండవది, ఆ పాతవిద్యార్థి ఫోను నంబరు సంపాదించితిమి. అతడిప్పుడొక లారీల కార్యాలయమున లెక్కలు వ్రాయుచున్నాడు. ఆరు గిన్నెల కథ యంతయు చెప్పి, తుదకు పదునెనిమిదవ నంబరు సంగతి యెత్తి, "ఆనాటి నా జవాబు జవాబు కాదు నాయనా" అంటిమి. కొంతసేపు అతడు పలుకలేదు. పిమ్మట నవ్వి, "అయితే ఆ ఆవసాసు నేనేనా మాస్టారూ?" అనెను. ఈ సంచికకు మరల ఒక కథ వ్రాసి యిమ్మని యడిగితిమి. "ఎన్నాళ్లయిందో కలం పట్టి. చూస్తానండి" అనెను.

మేమిది వ్రాయు నాటికి ఆ కథ ఇంకను రాలేదు. సంపాదకవర్గమువారు మా మాట మన్నించి పాతవిద్యార్థుల భాగమున అతని కొరకు ఒక పుట నుంచెదమనిరి. విద్యార్థులారా, ఆ పుటయందు కథ యున్నయెడల ముందటి పుటలోని దానితో పోల్చక చదువుడు. ఖాళీగానున్నయెడల దానికి సున్న వేయకుడు.