తీతువు కూత

ఉగాదినాడు కోయిల కూత వినడం తెలుగువారికి ఒక ముచ్చట. 2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. కరోనా మహమ్మారిని అరికట్టడానికి దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనదీ ఆనాడే. గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న యానాం కూడా తలుపులు మూసుకుంది. ఎదుర్లంక వంతెన మీద వాహనాల రొద అణగిపోయింది.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పదేండ్ల మనుమరాలు డాబా మీద కూర్చొని ఉన్నారు. వేపచెట్టులో కోయిల కూస్తూ ఉంది. యానాం పుదుచ్చేరిలో భాగం. పుదుచ్చేరి అధికారిక పక్షి కోయిలే. అంతలో ఎక్కడి నుండో ‘టుక్, టుక్, టుక్’ మని చప్పుడు వినిపించింది.

“తాతయ్యా! పనులన్నీ ఆగిపోయాయి గదా! ఎవరో సుత్తితో కొడుతున్నారే!” అంది పాప.

“మనిషి కాదమ్మా, కంసాలి పిట్ట. రోజూ ఇక్కడే కూస్తుంది. మన సందడిలో మనకే వినబడలేదు.”

నిజానికి ఆ వసంతంలో పక్షులకు కూడా మార్పు తెలిసింది. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో ఒక జాతి పిచ్చుకలను శాస్త్రజ్ఞులు పరిశీలించారు. వాహనాల మోత తగ్గగానే అవి గొంతు తగ్గించి పాడాయట. అయినా వాటి పాట మునుపటి కంటె దూరం వినిపించిందట!

మరుసటి వసంతానికి ఆంక్షలు సడలాయి. తాతా మనుమరాలూ ముక్కుకు గుడ్డ కట్టుకొని, తెల్లవారగానే ఏటిగట్టు వెంబడి దరియాలతిప్ప వైపు నడిచేవారు. తీగల మీద ఏట్రింతలు, నీటి అంచున లకుముకి పిట్టలు కనబడేవి. ఆటు సమయంలో బయటపడిన బురదలో సన్నకాళ్ల ఉల్లంకులు ముక్కులు గుచ్చి పురుగులను ఏరుకొనేవి. ఇవి ఉత్తర దేశాల నుండి వచ్చి, కోరింగ మడ అడవుల పరిసరాలలో చలికాలం గడిపి, ఎండలు ముదిరేసరికి తిరిగి వెళ్లిపోతాయి. పాప చూసిన ప్రతి పక్షి పేరూ, చోటూ, వేళా నోటుపుస్తకంలో రాసుకొనేది.

పేర్లు చెప్పేది గట్టు మీద వల బాగుచేసుకొనే ఒక జాలరి తాత. దూరం నుండే కేకవేసి, “అదిగో పాపా, ఆ దిబ్బ మీద చూడు!” అనేవాడు.

2021 ఏప్రిల్‌లో వ్యాధి మళ్లీ విజృంభించింది. ఒకనాడు జాలరి తాత కనబడలేదు. జబ్బు చేసిందని తెలిసింది. అప్పుడే ఇసుకదిబ్బ మీద తీతువు గట్టిగా అరిచింది. తీతువు కూస్తే కీడు జరుగుతుందని పెద్దలు అనుకోగా పాప విని ఉంది. ఆమె బెదిరి తాత చెయ్యి పట్టుకుంది.

ఆయన మాట్లాడకుండా నేల వైపు చూపించాడు. నాలుగడుగుల దూరంలో గులకరాళ్ల నడుమ నాలుగు మచ్చల గుడ్లు ఉన్నాయి. గూడు లేదు, నీడ లేదు. తీతువు వారి తలల మీద తిరుగుతూ అరుస్తూనే ఉంది.

“ఇది నేల మీదే గుడ్లు పెడుతుందమ్మా. దగ్గరకు ఎవరు వచ్చినా ఇలాగే అరుస్తుంది. పద, మనం తొలగిపోదాం.”

ఇద్దరూ వెనుకకు నడిచారు. కాసేపటికి కూత ఆగింది. పక్షి దిగివచ్చి గుడ్ల మీద కూర్చుంది.

వారం తిరగకముందే జాలరి తాత కన్నుమూశాడు. ఆ మాట విని ఇంట్లో ఒకరు, “ఆ మాయదారి తీతువు అరిచినప్పుడే అనుకున్నాను” అన్నారు. పాప కళ్లు తుడుచుకొని తల అడ్డంగా ఊపింది.

“దానికి ఆ తాత సంగతి ఏం తెలుసు? మేము గుడ్లు తొక్కేస్తామేమోనని అరిచింది” అంది.

తరువాత నోటుపుస్తకం తెరిచి, తీతువు పేరు ఎదుట చోటూ, వేళా రాసింది. దాని కింద, ‘ఈ పేర్లు చెప్పినది జాలరి తాత’ అని రాసింది.