‘క్రియాటిన్ ఎంతుంది?’ అని పలకరించుకునే ఊళ్లు

రండి, ఇలా మంటకు దగ్గరగా జరగండి. పుష్యమాసం మంచు మా కొబ్బరి తోటల్ని పొద్దున ఏడు దాటినా వదలదు. చలి కాచుకోవడానికి మాకు కట్టెలు కొనే పని లేదు. ఎండిన మట్ట ఒకటి విరిచి వేస్తే చిటపటమంటూ అంటుకుంటుంది, పైన నాలుగు కొబ్బరి డొక్కలు పడేస్తే గంటసేపు నిప్పు నిలుస్తుంది. ఈ మంట దగ్గరే మొన్న సంక్రాంతికి ఒక అర్జీ రాశాం. ఆ సంగతి మీకు చెప్పాలి.

మాది ఉద్దానం. శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, ఒక పక్క సముద్రం, ఇంకో పక్క మహేంద్రగిరి కొండలు, మధ్యన వజ్రపుకొత్తూరు, పలాస, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాలు. ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందని మా పెద్దలు చెబుతారు. వేసవిలో వచ్చి చూస్తే మీరూ ఆ మాటే అంటారు. కొబ్బరి, జీడి, పనస, మామిడి. నడినెత్తిన ఎండ ఉన్నా నేలమీద పడదు.

పండక్కి ఊరు నిండింది. హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి, విశాఖ నుంచి పిల్లలంతా దిగారు. కనుమ నాడు పొద్దున్నే ఇక్కడ కూర్చున్నప్పుడు, హైదరాబాదులో పనిచేసే కుర్రాడొకడు మాట ఎత్తాడు: “అందరం ఉన్నాం కదా, గవర్నమెంటుకి ఒక అర్జీ రాద్దాం. సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్సులో ఇచ్చేద్దాం. ఏమేం కావాలో చెప్పండి.” రాత పని నాకు అప్పజెప్పారు. రోడ్లు, పింఛన్లు, కాలవలు అనే వరసలో మొదలవుతుందనుకుని కాగితం తీశాను. నాకు వరసకు పెద్దమ్మ అయ్యే ఆవిడ, మొగుణ్ణీ పెద్దకొడుకునీ కిడ్నీ జబ్బుకే పోగొట్టుకున్న మనిషి, మంటలోకి మట్ట తోస్తూ అంది:

“ముందు ఒకటి రాయి బాబూ. ఎందుకొస్తందో సెప్పమను. మిగతావి తరవాత.”

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేను అదే మొదటి వాక్యంగా రాశాను.

ఆ ప్రశ్నే ముందు ఎందుకన్నది మీకు కొంచెం వివరంగా చెబుతాను. కిడ్నీ జబ్బు లోకంలో ఎక్కడైనా ఉంది. షుగరు ముదిరిన వాళ్లకూ, బీపీ ఏళ్ల తరబడి ఉన్న వాళ్లకూ వస్తుంది. మా దగ్గర చాలామందికి ఆ రెండూ ఉండవు. నలభయ్యేళ్ల మనిషి, తోటలో గొప్పు తవ్వుకునేవాడు, ఒకరోజు ఆకలి లేదంటాడు, కాళ్లు వాచాయంటాడు. పరీక్ష చేయిస్తే రెండు కిడ్నీలూ కుంచించుకుపోయి ఉంటాయి. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో మా ప్రాంతంలో రెండు వేల మందికి పైగా పరీక్షిస్తే 18 శాతం మందికి ఈ జబ్బు తేలింది, వాళ్లలో చాలామందికి తెలిసిన కారణమేదీ దొరకలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి పండించేవాళ్లకూ, మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా చెరుకు తోటల్లో పనిచేసేవాళ్లకూ ఇలాంటిదే వస్తోంది. నీళ్లలో ఉన్న సిలికా అన్నారు, లోహాలు అన్నారు, పురుగుమందులు అన్నారు, ఎండలో నీళ్లు చాలక ఒళ్లు ఎండిపోవడం అన్నారు. ఇదీ అని ఎవరూ తేల్చి చెప్పలేదు.

కారణం వెతకడానికి చాలామంది వచ్చారు. నెత్తురు తీసుకెళ్లారు, ఉచ్చ తీసుకెళ్లారు, బోరునీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. ఏం తేలిందో మా వీధి అరుగు మీద కూర్చుని చెప్పినవాళ్లు మాత్రం మాకు కనబడలేదు. అందుకని అర్జీలో ఇలా రాశాం: పరిశోధన ఆపకండి, ఏడాదికి ఒకసారి గ్రామసభ పెట్టి ఇంతవరకూ ఏం తెలిసిందో, ఏం తెలియలేదో తెలుగులో మాకు చెప్పండి. తెలియలేదని చెప్పినా మాకు అది చెప్పినట్టే. కారణం తెలియని ఊళ్లో పిల్లాడికి గ్లాసుతో నీళ్లిచ్చేటప్పుడు తల్లి చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. నేను కళ్లారా చూశాను.

మిగతా చోట్ల మనిషి ఎదురైతే భోంచేశారా అని అడుగుతారు కదా. మా వైపు ‘క్రియాటిన్ ఎంతుంది?’ అని అడుగుతారు. అక్షరం రాని మామ్మలు సైతం పాయింట్లతో చెబుతారు: “నాకు రెండు పాయింట్ ఆరు. మీ మావకి అయిదు దాటీసింది.” కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో నెత్తురు పరీక్షలో చూపే అంకె అది. డాక్టర్లు క్రియాటినిన్ అనేదాన్ని మేం వాడి వాడి అరగదీసి క్రియాటిన్ చేసుకున్నాం. ఇందులో ఒక ప్రమాదం ఉంది, అది మా వాళ్లకు గట్టిగా చెప్పాలి. ఆ అంకె పైకి కదిలేసరికే కిడ్నీల పనిలో సగం దాకా పోయి ఉంటుంది. అంకె బాగుందని ఊరుకుంటే మించిపోతుంది. కాబట్టి జబ్బు ముదిరాక ఆసుపత్రిలో మంచం ఇవ్వడం ఒక్కటే చాలదు. ఏడాదికి రెండుసార్లు ఇంటింటికీ వచ్చి నెత్తురూ ఉచ్చా పరీక్ష చేయాలి, అనుమానం ఉన్నవాళ్ల పేర్లు రాసుకుని వదలకుండా చూడాలి. ఒళ్లు నొప్పులకు కొట్లో కొనుక్కుని మింగే మాత్రలు కిడ్నీని ఇంకా చెడగొడతాయని చెప్పే మనిషి ప్రతి ఊళ్లోనూ ఉండాలి. ఇది రెండో వాక్యం.

నీళ్ల సంగతికి వస్తాను. 2023 డిసెంబరు 14న రెండు పెద్దవి ప్రారంభించారు. ఒకటి పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రంతో సహా. రెండోది హిరమండలం జలాశయం నుంచి గొట్టాల్లో వంశధార నీళ్లు మా ఊళ్లకు తెచ్చే పథకం, దాదాపు 700 కోట్ల రూపాయలది. మేం ఏళ్ల తరబడి అడిగినవి, వచ్చాయి, సంతోషించాం. అది చెప్పకుండా కొత్తవి అడిగితే తప్పు. ఆ జలాశయం కోసం హిరమండలం వైపు ఊళ్లు ఖాళీ చేసి వెళ్లిన జనం ఉన్నారు. మా కుళాయిలో పడే చెంబెడు నీళ్లలో వాళ్ల ఇంటి గడప ఉంది. వాళ్లకు రావలసింది పూర్తిగా ఇవ్వమన్న మాట కూడా మా అర్జీలో రాయించింది మా ఊరి ఆడవాళ్లే.

అయితే కుళాయి వచ్చినంత మాత్రాన భయం పోదు. ఇన్నేళ్లూ ఏ నీళ్లనూ నమ్మకుండా బతికిన జనం మేం. గొట్టం పగిలి రెండురోజులు నీళ్లు రాకపోతే మళ్లీ పాత బోరు దగ్గరికే బిందె వెళుతుంది. మాకు కావలసింది చిన్నది: నెలకోసారి నీళ్లు పరీక్షించి, ఆ ఫలితం రచ్చబండ దగ్గర బోర్డు మీద సుద్దతో రాయండి. చదువుకున్న పిల్లలు చదివి చెబుతారు.

ఇక మా చిన్నాన్న. ఆయన గురించి చెప్పకుండా ఈ కబురు పూర్తికాదు. నాలుగేళ్లుగా డయాలసిస్ మీద ఉన్నాడు. ఎడమ చేతిమీద, మోచేతికి కింద, చిన్న ఆపరేషన్ చేసి రక్తనాళాల్ని కలిపారు. అక్కడ వేలు పెడితే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు జుమ్మంటుంది. పొద్దున లేవగానే ఆయన చేసే మొదటి పని ఆ చోట కుడిచేయి పెట్టి చూసుకోవడం. జుమ్మంటే బాగున్నట్టు. డయాలసిస్ వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. రోజంతటికీ కొలిచి తాగే నీళ్లు. గొంతు ఆరితే నోట్లో ఒక మంచుముక్క పెట్టుకుంటాడు. అన్నిటికన్నా నా మనసు తరుక్కుపోయేది వేరే ఉంది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, ఈ జబ్బులో గుండెకు ప్రమాదం, అందుకని ముట్టుకోకూడదన్నారు. పనస కూడా వద్దన్నారు. డెబ్భై కొబ్బరి చెట్లున్న మనిషి. మేం వస్తే తనే కత్తి పట్టుకుని బొండాం చెక్కి ఇస్తాడు. మేం తాగుతుంటే పక్కన కూర్చుని “తియ్యగుందా?” అని అడుగుతాడు.

ఒకప్పుడు డయాలసిస్‌కు విశాఖ పోవాల్సి వచ్చేది, రెండు వందల కిలోమీటర్ల పైమాట. ఇప్పుడు సోంపేట, పలాస, కవిటి, హరిపురం లాంటి చోట్ల డయాలసిస్ జరుగుతోంది. నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. దాంతో ఎంతో ప్రాణం కుదుటపడింది. కానీ మనిషి ఒక్కడే వెళ్లలేడు. నాలుగు గంటలయ్యాక లేస్తే కళ్లు తిరుగుతాయి, ఎవరో ఒకరు పట్టుకోవాలి. మా పిన్ని జీడి బట్టీలో గింజలు ఒలిచే పని చేసేది, వేళ్ల కొసలు జీడి పాలకు నల్లబడి ఇప్పటికీ మామూలు రంగుకు రాలేదు. వారానికి మూడు రోజులు మానేసే మనిషిని పనిలో ఎవరు పెట్టుకుంటారు? ఆ కూలి పోయింది. తోడు వెళ్లే మనిషికి రోజు కూలి ఇవ్వమని, ఇంటి దగ్గర నుంచి తీసుకెళ్లే బండి పెట్టమని రాశాం. కిడ్నీ డాక్టర్లు ఏడాదికే బదిలీ అయిపోకుండా నిలకడగా ఉండాలనీ రాశాం. మన ఒళ్లు తెలిసిన డాక్టరు మారిపోతే, రోగికి మళ్లీ మొదటినుంచి జబ్బు చెప్పుకోవలసి వస్తుంది.

తోటల మాట త్వరగా ముగిస్తాను. 2013 అక్టోబరులో ఫైలిన్, మరుసటి ఏడు అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ, వరసగా తుఫాన్లే. తిత్లీ అయితే సరిగ్గా మా నెత్తినే తీరం దాటింది. తెల్లారి చూస్తే చెట్లన్నీ ఒకే దిక్కుకు పడుకుని ఉన్నాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకు అయిదారేళ్లు. కొడుకుతో సమానంగా చూసుకున్న చెట్టుకు పరిహారం ఒకసారి ఇచ్చి ఊరుకుంటే, ఆ అయిదారేళ్లూ ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? కాపు వచ్చేదాకా ఏటా ఇవ్వమని అడిగాం. జీడి రైతులు 80 కిలోల బస్తాకు 16,000 రూపాయలు అడుగుతూ రోడ్డెక్కారు, అదీ రాశాం. మా గింజకు ధర కట్టేటప్పుడు ఆఫ్రికా నుంచి దిగే గింజ ధర చెప్పి తగ్గిస్తే మా వాళ్లేం కావాలి?

హైదరాబాదు కుర్రాడు అప్పుడు, “ఫ్యాక్టరీలు రాయవా అన్నా?” అన్నాడు. అక్కడ పెద్దవాళ్లకూ కుర్రాళ్లకూ కొంచెం మాటా మాటా పెరిగింది. సోంపేట బీల గుర్తుందా మీకు? చిత్తడి తంపర నేలలు, చేపలు, వరి, గడ్డి, ఎన్నో ఊళ్లకు నీళ్లు. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్నందుకు 2010 జులై 14న కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ విద్యుత్ కేంద్రం రాలేదు, బీల మిగిలింది. ఆ రోజు చూసినవాళ్లకు ఫ్యాక్టరీ అన్న మాట వింటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కుర్రాడి బాధా నిజమే. రైలెక్కకుండా బతికే దారి కావాలి వాడికి. ఉద్దానం సంబంధమంటే పిల్లనివ్వడానికి వెనకాడుతున్నారని వాళ్లమ్మ కంటతడి పెట్టింది. చివరికి నేను రాసినదానికి ఇద్దరూ ఒప్పుకున్నారు: కొబ్బరి పీచుతో, జీడిపప్పుతో, పనసతో ఇక్కడే పనులు పెట్టండి, ఏది పెట్టినా ముందు మమ్మల్ని అడగండి. నా మటుకు నాకు ఆ అడగడం అన్నదే అన్నిటికన్నా పెద్దది. మా నేల మీద ఏం రావాలో మా నోటితో చెప్పనివ్వాలి.

కాగితం నాలుగు పేజీలయింది. ఒక్కొక్కరే సంతకాలు పెట్టారు, పెద్దమ్మ వేలిముద్ర వేసి వేలికి అంటిన సిరాను చీరకొంగుకు తుడుచుకుంది. చిన్నాన్న చివర పెట్టాడు. ఆ రోజు డయాలసిస్ ఉంది, కనుమైనా తప్పదు. అక్కడ గదిలో చలేస్తుంది, మిషనులోంచి తిరిగొచ్చే నెత్తురుకు ఒళ్లు వణుకుతుందట. పిన్ని సంచిలో దుప్పటి మడిచి పెట్టింది. మంట దగ్గర రెండు అరచేతులూ వెచ్చబెట్టుకుని, ఎడమచేతి మీద ఒకసారి వేలు పెట్టి చూసుకుని, “జుమ్మంటంది” అని చెప్పి ఆయన ఆటో ఎక్కాడు.