మిల్లులోని యెఱ్ఱచుక్క

ధాన్యపు మిల్లులో నొక పనిముట్టు బిగించిన వృత్తాంతము స్త్రీల పత్రికలో నేల యని సోదరీమణులు కొందఱు నవ్వవచ్చును. కాని ఆ మిల్లులో నేల రాలిన గింజల నూడ్చువారందఱును స్త్రీలే. వారి కన్నులకు సంబంధించిన సంగతి గనుకనే వ్రాయుచున్నాను.

సుల్తానాబాదు చేరువ మా మేనమామగారికి మిల్లు గలదు. అందలి ఇనుప బిన్నులో ధాన్యమెంత మట్టమున నున్నదో తెలియుటకు హమాలీ నిచ్చెన యెక్కి తొంగిచూచెడివాడు. అడుగున ధాన్యము జారుచుండగా పైవాడు కాలు జారెనా, ఊబిలోవలె దిగిపోవును. నడుము మునిగినవానిని చేతులతో లాగుట శక్యము గాదు. క్రిందటి యేడు ఒకడు తొడలవఱకు దిగెను. ఎవరో తత్‌క్షణమే మోటారు కట్టివేయుటచే బ్రతికెను. నాటినుండి మా అత్తమ్మకు కంటికి కునుకు లేదు. ఆమె పట్టుదలచేతనే లేజరు సెన్సారు వచ్చినది.

లేజరును 1960లో అమెరికాలో మేమన్ అను శాస్త్రజ్ఞుడు కెంపు కడ్డీతో మొదట వెలిగించెను. ఈ సెన్సారు బిన్ను కప్పునుండి కాంతిని క్రిందికి పంపి, అది ధాన్యముపై బడి మరలివచ్చు కాలమును గణించును. కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును గదా. 15 మీటర్ల లోతునకు పోయివచ్చుటకు సెకనులో కోటవ వంతు చాలును! నిమేషమను మన పురాణపు కొలత దీనియెదుట యుగమే.

బిగించుటకు కరీంనగరమునుండి యొక యువకుడు వచ్చెను. మొదట మెయిను మీటను కట్టి, తాళము వేసి, చెవిని తన జేబులోనే వేసికొనెను. ఇది నాకు మిక్కిలి నచ్చినది. మీట వేయవద్దని నోటిమాట చెప్పిన చాలదు. ఆ మాట విననివాడొక డెప్పుడును ఉండును. పిదప నడుమునకు రక్షణత్రాడు కట్టుకొని పైకెక్కెను. ధాన్యపు ధూళి గాలిలో దట్టముగా నున్నపుడు నిప్పురవ్వ సోకిన పేలును గావున, అట్టి చోట్లకు తగినదని ధ్రువపఱుపబడిన పనిముట్టునే తెచ్చినాడు. గింజలు పడు ధార కాంతికి అడ్డురాకుండ ప్రక్కగా, అదరని దూలమునకు బిగించి, తీగలను మోటారు తీగలకు దూరముగా నడిపెను. ఖాళీ బిన్ను నొకసారి, నిండిన బిన్ను నొకసారి దానికి చూపి గుర్తులు నేర్పెను. నింపునపుడు దుమ్ము లేచిన తప్పులెక్క చెప్పునట. దుమ్మణగిన పిదప చూడవలెను. అద్దము తుడుచుటయు కరెంటు కట్టిన తరువాతనే.

చిక్కంతయు రెండవ సెన్సారుతో వచ్చినది. అది బస్తాలను లెక్కించునది. బెల్టునకు అడ్డముగా, నేలకు మూరన్నర యెత్తున బిగింపబోయెను. గొంతుకూర్చుండి యూడ్చు స్త్రీకిని, ఆమె వెంట వచ్చు పసివానికిని కన్నులు సరిగా నంత యెత్తుననే యుండును!

“అమ్మా, ఇది రెండవ తరగతి లేజరు, భయము లేదు” అని యువకు డనెను. అతని మాట అసత్యము గాదు. ఈ తరగతి నిరంతర కాంతి 1 మిల్లీవాటుకు మించదు. పొరపాటున కంట బడిన పావు సెకనులోపల ఱెప్ప తానే మూతపడి కాచును. “నాయనా, పెద్దలకు ఱెప్ప మూతపడును, యెఱ్ఱచుక్క యెచ్చటనుండి వచ్చుచున్నదోయని పసివాడు పంతముపట్టి చూచిన నేమి గతి?” అని యడిగితిని. దశరథుడు చివర నెవరున్నారో చూడకయే గదా శబ్దమునకు బాణము విడిచినది.

మామయ్యగారు ఖర్చని గొణిగిరి. అత్తమ్మ ఒక్క చూపు చూచినది. యువకుడు కొంతసే పాలోచించి, బెల్టునకు ఆవలిప్రక్క రేకు నిలిపి కాంతి యక్కడనే ఆగునట్లు చేసెను. క్రొత్త జింకురేకు మెఱసి కాంతిని మరల్చును గనుక దానికి మెఱుపులేని నల్లరంగు పూసెను. ఈవలను తల దూర్పరాకుండ జాలి కట్టెను.

హెచ్చరిక చీటీ మాత్రము ఇంగ్లీషున నున్నది. “ఈ కాంతిలోనికి చూడరాదు” అని తెలుగున పెద్దక్షరములతో నేనే పలకపై వ్రాసితిని. హమాలీలలో పలువురు బీహారువారు గావున మా వారు బడినుండి వచ్చి దాని క్రింద హిందీలో వ్రాసిరి. చదువురాని స్త్రీలకొఱకు యువకుడు మూసిన కన్ను బొమ్మ గీసినాడు. అది మా రెండు వ్రాతలకంటె బాగున్నది.